గైడు కాని గైడు

సోమవారం పొద్దున లరూ మొగుడికి గట్టిగా చెప్పేసింది. "ఇవాళ మనకు సెలవు. కోట చూస్తాం, ఫొటో దిగుతాం, వచ్చేస్తాం. దారిలో ఎవర్నో పట్టుకుని దేవుడి మాట ఎత్తకు, డెల్."

డెల్విన్ తలూపాడు. అమెరికాలోని ఐడహోలో ఆవుల్ని అమ్మేసి, ఈ వయసులో భార్యను వెంటబెట్టుకుని వేల్స్‌కు మత ప్రచారానికి వచ్చిన మనిషి ఆయన. ఊళ్లో తట్టని తలుపు లేదు. వేల్స్ వాళ్లు మహా మర్యాదస్తులు. లోపలికి పిలిచి, టీ ఇచ్చి, వాన గురించి మాట్లాడి పంపేస్తారు. ఆదివారం ప్రార్థన హాలుకు మాత్రం నరమానవుడు తొంగిచూడడు. వచ్చే ఆదివారం కూడా ఇంతే అయితే హాలుకు తాళం వేసి ఇద్దర్నీ ఇంటికి పంపేస్తామని మత సంఘం పైవాళ్లు చెప్పేశారు. పోయేలోపు కోటైనా చూద్దామంది లరూ. ఆయనకు మాత్రం ఉత్త చేతులతో వెళ్లాలంటే సిగ్గుగా, దిగులుగా ఉంది.

సెలవైనా సరే నల్ల సూటు, జేబు మీద పేరు రాసిన బిళ్ల ఉండాల్సిందే. చిక్కంతా ఆ బిళ్లతోనే వచ్చింది. కోట గుమ్మంలో ఒకావిడ దాన్ని చూసి, మరుగుదొడ్డి ఎక్కడని డెల్విన్‌ను అడిగింది. ఆయన అప్పుడే అక్కణ్ణుంచి వస్తున్నాడు కాబట్టి చక్కగా చూపించాడు. అంతే, ఆవిడతో బస్సు దిగిన పెద్దవాళ్ల గుంపంతా ఆయన వెనక చేరింది.

తను గైడు కాదని, ఐడహో నుంచి వచ్చానని మొత్తుకున్నాడు. అందరూ పగలబడి నవ్వి, ఈ గైడు భలే సరదా మనిషన్నారు. గోడ ఎవరు కట్టారంటే తెలియదన్నాడు. దానికీ నవ్వే. ఇన్నాళ్లలో తన మాట వినడానికి ఇంతమంది నిలబడటం అదే మొదలు, అదీ తెలియదని చెబుతుంటే. ఆ నవ్వులు విని ఇంకొందరు వచ్చి కలిశారు.

లరూ మొగుణ్ణి రెక్క పట్టుకుని దొరికిన గుమ్మంలోకి లాక్కుపోయింది. అది బురుజు మెట్ల దారి, మనిషి వెనక మనిషి తప్ప పట్టనంత ఇరుకు. చూడాల్సింది ఇంకా ఉంది కాబోలనుకుని గుంపూ వెనకే ఎక్కింది. తీరా పైకి పోతే తలుపుకు తాళం. కింద నుంచి ఇంకా ఎక్కుతూనే ఉన్నారు. ముందుకు దారి లేదు, వెనక్కి చోటు లేదు. చీకట్లో ఎవరో పెద్దాయన ఆయాసపడటం వినిపించింది.

"ఇప్పుడేం చూపిస్తావ్ వీళ్లకి?" అంది లరూ.

"నన్నడుగుతావేం? లాక్కొచ్చింది నువ్వు."

భయమేస్తే లరూ చిన్నప్పటి కీర్తన పాడుకుంటుంది. ఆ వరస వేల్స్‌దేనని ఆవిడకు తెలియదు. ఈ గుంపు పక్క లోయలోని పాటల బృందమని అసలే తెలియదు. రెండో పాదం దగ్గర కింద నుంచి ఒక బొంగురు గొంతు అందుకుంది. తర్వాత ఇంకోటి. చూస్తుండగానే మెట్ల మీదున్న వాళ్లంతా ఎత్తుకున్నారు. డెల్విన్‌కు ఏడుపొచ్చింది, ఏడ్చేశాడు కూడా. పాట ముగిసేసరికి పెద్దాయన ఊపిరి కుదుటపడింది, కింది వాళ్లు ఒక్కొక్కరే వెనక్కి దిగడం మొదలుపెట్టారు.

బయటికొచ్చాక బృందానికి పెద్దయిన ఎమ్రిస్ డెల్విన్ చెయ్యి వదల్లేదు. తాము పాడుకునే ప్రార్థన మందిరాన్ని ఎవరో కొని సారా దుకాణం పెట్టారని, సాధనకు చోటే లేదని వాపోయాడు. తను గైడు కాదని, ఊళ్లో ప్రార్థన హాలు నడిపే ప్రచారకుణ్ణని డెల్విన్ మళ్లీ మొదలుపెట్టి చెప్పుకున్నాడు.

"అది ఎప్పుడో తెలిసిందిలేవయ్యా. గైడెవడైనా తెలీదంటాడా?" అన్నాడు ఎమ్రిస్. "మీ హాలు ఆదివారాలు ఖాళీయేనా?"

"పూర్తిగా ఖాళీ," అంది లరూ. ఆవిడ అబద్ధమాడదు. "కాకపోతే ముందు మా ఆయన చెప్పేది కాసేపు వినాలి."

ఎమ్రిస్ కాస్త ఆలోచించాడు. "కుర్చీలు మెత్తగా ఉంటాయా?"

ఆదివారం హాలు నిండిపోయి, కొందరు కిటికీ గట్ల మీద కూర్చున్నారు. పైవాళ్లు తాళం మాట మళ్లీ ఎత్తలేదు. డెల్విన్ పుస్తకం తెరిచి ప్రసంగం మొదలుపెట్టగానే బృందమంతా భక్తిగా కళ్లు మూసుకుంది. పాట వేళకు లరూయే అందర్నీ లేపింది.