లిపి తెలుగు, భావం ఇంగ్లీషు

రెండువేల ఎనిమిది ఏప్రిల్‌లో, ఆర్మూర్ మార్కెట్ యార్డులో, పసుపు కొమ్ముల కుప్పల మధ్య నిలబడి శ్రీ కాశీరాం గారు తెలుగును రద్దు చేశారు. రాష్ట్రమంతటా కాదు. అంత అధికారం వారికి ఇంకా రాలేదు. మా సర్కారు హైస్కూలు గేటు లోపల మాత్రమే.

ఆ ఘట్టానికి నేను ప్రత్యక్ష సాక్షిని. పేపరు ఏజెన్సీ నాదే, విలేకరినీ నేనే కావడంతో ఊళ్లో చరిత్ర జరిగినప్పుడల్లా నాకు ఫోను వస్తుంది. కాశీరాం గారు పార్టీ పట్టణ అధ్యక్షులు, పసుపు కమీషన్ వ్యాపారి, హైస్కూలు కమిటీ చైర్మన్. ఆ రోజు వేదిక కుదరక బస్తాలు తూచే కాంటా మీదికే ఎక్కి మాట్లాడారు. ముల్లు తొంభై నాలుగు కిలోల దగ్గర ఆగింది. మా డివిజన్‌లో అంత బరువైన నాయకుడు మరొకరు లేరని నేను పేపర్లో రాశాను.

"మన పసుపు మహారాష్ట్రల సాంగ్లీ దాకా పోతది. మన పోరగాండ్లు ఎందుకు పోవద్దు?" అన్నారు వారు. "జూన్ పన్నెండు సంది మన బడిల లెక్కలు ఇంగ్లీషుల, సైన్సు ఇంగ్లీషుల, సోషల్ ఇంగ్లీషుల. గేటు లోపట ఒక్క తెలుగు ముక్క ఇనవడ్డదంటే నేను ఊకోను!"

"మరి తెలుగు పీరియడ్ ఎట్ల సారూ?" అన్నాడు దొంకేశ్వర్ నుంచి వచ్చిన ఒక రైతు.

కాశీరాం గారు క్షణం ఆలోచించారు.

"గా పీరియడ్ గేటు బయట పెడ్తం."

చప్పట్లు మోగాయి. అప్పటికప్పుడు నిర్ణయం తీసుకునే నాయకులు మనకు ఎంతమంది ఉన్నారు చెప్పండి?

ఈ కబురుకు అందరికంటే ఎక్కువ మురిసింది భాగ్యవ్వ. మా సందు చివరింట్లో బీడీలు చేస్తుంది. భర్త మస్కట్‌లో ఉంటాడు. ఇంగ్లీషు వచ్చినవాడికి ఏసీ గది, రానివాడికి ఎండ అని ప్రతి ఫోన్లోనూ చెబుతుంటాడు. ఆమె బిడ్డ రోజారాణి ఏడో తరగతిలోకి వచ్చింది. భాగ్యవ్వ సందంతా చక్కెర పంచుతూ నా దుకాణం దగ్గర ఆగింది.

"మా పిల్ల ఇంగ్లీషుల సదువుతది సారూ. ఏడు పాసైతే ఎన్మిదికి తోలుత. తప్పిందనుకో, బీడీల చాట ముంగట కూసుంటది. కార్ఖానాల లెక్కలు రాసే మునీంకు చెప్పి పెట్టిన, తప్పితే పేరు రాసుకొమ్మని."

"నేను తప్పనే అవ్వా," అంది పక్కనే ఉన్న రోజారాణి. ఆ పిల్లకు లెక్కలంటే ప్రాణం. పేపరు మీద పడ్డ వాన చుక్కల్ని కూడా వరసలు కట్టి లెక్కబెట్టే రకం.

జూన్ పన్నెండున బడి తెరిచారు. హెడ్మాస్టరు భీమ్‌రావు గారు గేటుకు "నో తెలుగు" అని బోర్డు కట్టించారు. కింద, ఇంగ్లీషు చదవడం రానివాళ్ల కోసం తెలుగులో "తెలుగు వద్దు" అని రాయించి, అది గేటు లోపలికి వస్తుందా బయటికి వస్తుందా అని అనుమానం వచ్చి, కొలిపించి, అర గజం బయటికి జరిపించారు. ఇంగ్లీషు పుస్తకాలు ఆగస్టులో వచ్చాయి. అవి వచ్చేదాకా ఇంగ్లీషు మీడియం నిర్విఘ్నంగా సాగింది.

పుస్తకాలు వచ్చాక లెక్కల సారు లక్ష్మీరాజానికి కష్టం వచ్చిపడింది. మెండోర ఆయన. ఇరవై రెండేళ్లుగా లెక్కలు చెబుతున్నాడు. పుస్తకం తెరిచి, ఒక సిస్టర్న్‌ను రెండు పైపులు నింపుతున్నాయనే లెక్కను ఇంగ్లీషులో గట్టిగా చదివాడు. పిల్లలకు అర్థం కాలేదు. ఇంకా గట్టిగా చదివాడు. మూడోసారి చదివినప్పుడు బస్టాండులో కూడా వినపడిందట.

"సిస్టర్న్ అంటే ఏంది సార్?" అని లేచి అడిగింది రోజారాణి.

తెలుగులో అడిగింది కనుక, వరండాలో కాపలా తిరుగుతున్న హెడ్మాస్టరు ఆమెను గేటు బయటికి పంపారు. అక్కడ మిర్చీ బజ్జీల బండి పక్కన తెలుగు పీరియడ్ నడుస్తోంది. వెళ్లి అందులో కూర్చుంది.

ఆ సాయంత్రం సారు నా దుకాణం ముందు బల్ల మీద కూలబడ్డాడు.

"నీళ్ల తొట్టి అని ఒక్క మాట చెప్తే అయిపోతుండె రిపోర్టర్ సాబ్. చెప్పొద్దంటరు. పిల్లలు నా మొకం చూస్తరు, నేను గోడ మొకం చూస్త. గిన్నేండ్లు చెప్పి, గియ్యాల మూగోన్నయిన."

"డెవలప్‌మెంట్ అంటే మొదట్ల గట్లనే ఉంటది సార్," అని ధైర్యం చెప్పి చాయ్ తాగించాను.

మర్నాడు ఆదివారం. తన చేన్లో పండి మిగిలిన నాలుగు బస్తాల పసుపు అమ్ముకోవడానికి సారు యార్డుకు పోయాడు. సాంగ్లీ బేరగాళ్లలో కొందరు పాతకాలం వాళ్లు ఇప్పటికీ ధర నోటితో చెప్పరు. అమ్మేవాడి చెయ్యి, కొనేవాడి చెయ్యి ఒక తువ్వాల కింద కలుస్తాయి. ఏ వేలు పట్టుకుంటే ఎంత, ఎన్ని వేళ్లు నొక్కితే ఎంత అన్నది ఆ ఇద్దరికే తెలుసు. పక్కవాడికి తువ్వాల కదలడం తప్ప ఏమీ కనిపించదు. సారు చిన్నప్పుడు తండ్రి వెంట సాంగ్లీ పోయి ఆ విద్య నేర్చుకున్నాడు. బేరం ముగిశాక కూడా బేరగాడి చెయ్యి వదలకుండా అట్లాగే నిలబడ్డాడని చూసినవాళ్లు చెప్పారు.

సోమవారం బడికి భుజాన ఎర్ర తువ్వాలతో వచ్చాడు. రోజారాణిని పిలిచి, చెయ్యి పట్టమని, మీద తువ్వాల కప్పాడు. గంటకు ఆరో వంతు నింపే పైపు ఒకటి, మూడో వంతు నింపేది ఇంకొకటి. వేలు నొక్కి, వేలు మడిచి, అరచెయ్యి సగం మూసి చూపించాడు.

"అరె!" అంది రోజారాణి. ఆమె ముఖం వెలిగిపోయింది.

అది తెలుగు మాటా కాదా అని హెడ్మాస్టరు కాసేపు మథనపడి, అన్ని దేశాల్లోనూ అంటారని తేల్చారు.

నెల తిరక్కుండా బడంతా తువ్వాళ్ల కిందికి వచ్చేసింది. సోషల్ సారు అక్బరు పుట్టిన సంవత్సరాన్ని వేళ్లతోనే చెప్పాడు. సైన్సు మేడం కిరణజన్య సంయోగక్రియ చెప్పబోతే పిల్లలు చక్కిలిగింతలకు తట్టుకోలేక నవ్వారు. నవ్వుకు భాష లేదని హెడ్మాస్టరు ఊరుకున్నారు. మొత్తానికి ఆరువందల మంది పిల్లలున్న బడిలో పిచ్చుకల చప్పుడు తప్ప మరో చప్పుడు లేదు.

నవంబరులో హైదరాబాద్ నుంచి పెద్దాఫీసరు సుకుమార్ గారు తనిఖీకి వచ్చారు. గేటు దాటి పది అడుగులు వేసి ఆగి, చెవి రిక్కించారు.

"వండర్‌ఫుల్! ఒక్క తెలుగు మాట వినపడటం లేదు."

"ఇంగ్లీషు మాట సుత ఇనవడ్తలేదు సార్," అన్నాను నేను, రిపోర్టులో ఏ వివరమూ తప్పిపోకూడదని.

"దట్ ఈజ్ సెకండ్ ఫేజ్," అన్నారాయన. వెనక నిలబడ్డ కాశీరాం గారు నా కాలు తొక్కారు.

ఏడో తరగతిలో తువ్వాల చూసి ఆఫీసరు గారు అదేమిటన్నారు. భీమ్‌రావు గారు తడుముకోలేదు.

"టవల్ బేస్డ్ లెర్నింగ్ సార్. టీబీఎల్."

ఆఫీసరు గారు డైరీలో రాసుకుని, తానూ తువ్వాల కింద చెయ్యి పెట్టారు. రోజారాణి ఆయన వేళ్లు నొక్కి ఒక లెక్క అడిగింది. ఆయన చాలాసేపు పైకప్పు వైపు చూశారు. చివరికి చెయ్యి బయటికి తీసి, "ఎక్సలెంట్. ఈ అమ్మాయికి అంతా తెలుసు," అని అదే తువ్వాలతో నుదురు తుడుచుకున్నారు.

వారం రోజుల్లో మాది జిల్లాకే ఆదర్శ ఇంగ్లీషు మీడియం బడి అయింది. ప్రతి బడికీ నలభై తువ్వాళ్లు సరఫరా చేయాలని ఉత్తర్వులొచ్చాయి. కాశీరాం గారిని ఓపెన్ జీపులో మాక్లూర్ దాకా ఊరేగించారు. మాక్లూర్ వాళ్లు ఎందుకని అడిగితే ఎవరికీ ఇంగ్లీషులో చెప్పడం రాలేదు.

ఏప్రిల్‌లో వార్షిక పరీక్షలు వచ్చాయి. పరీక్ష హాల్లో ఎవరి బల్ల వారిది, ఎవరి చెయ్యి వారిది. తువ్వాల పనికిరాదు. పిల్లలు అంకెలు అంకెల్లోనే వేసి, మిగతాదంతా తమకు వచ్చిన భాషలో రాసేశారు. పేపర్లు చూసి భీమ్‌రావు గారికి చెమటలు పట్టాయి. పది పేపర్లు నమూనాగా పంపమని హైదరాబాద్ నుంచి ఆఫీసరు గారి ఉత్తరం అప్పటికే బల్ల మీద ఉంది.

కాశీరాం గారు కమిటీ సమావేశం పెట్టి తీర్మానం చేశారు. తెలుగు మాట ఉన్న జవాబుకు సున్నా.

"అన్నా, లెక్క రైటే గద!" అని లక్ష్మీరాజం సారు రోజారాణి పేపరు పట్టుకుని నిలబడ్డాడు. "రెండు పైపులు కలిస్తె గంటకు సగం తొట్టి. రెండు గంటలల్ల నిండుతది. గీ పిల్ల గదే రాసింది."

"గంటలు అని రాసిందా, అవర్స్ అని రాసిందా?" అన్నారు కాశీరాం గారు.

"గంటలు అనే రాసింది."

"మరి తప్పే గద సార్! ఇంగ్లీషు మీడియంల గంటలు యాడుంటయి?"

ఏడో తరగతిలో నలభై ఒక్క మంది పరీక్ష రాస్తే నలభై ఒక్క మందీ తప్పారు. ఎవరికీ ఎక్కువ తక్కువలు లేకుండా ఫలితాలు వచ్చాయని నేను వార్త పంపాను.

రోజారాణి బడి నుంచి ఏడుస్తూ వచ్చింది. "నేను తప్పలేదే అవ్వా! లెక్కలన్నీ రైటే ఉన్నయి, సారు సుత చెప్పిండు," అంటుంటే సందంతా వినపడింది.

"సర్కారోల్లు తప్పిందంటే తప్పినట్టే బిడ్డా. నేనేం జేద్దు?" అని భాగ్యవ్వ కూడా ఏడ్చింది. మునీం సోమవారం వచ్చి పేరు రాసుకుంటానన్నాడు. నాకు ఆ పూట అన్నం సయించలేదు. అది వార్త కాదు కాబట్టి పంపలేదు.

ఆదివారం పొద్దున కాశీరాం గారు కార్యకర్తలు లేకుండా, జీపు లేకుండా, నడిచి మా సందులోకి వచ్చారు. వెంట మనుమడు రాహుల్. నిజామాబాద్‌లో పెద్ద కాన్వెంటులో ఏడో తరగతి. మెడకు టై, చేతిలో లెక్కల పుస్తకం. చరిత్ర జరగబోతోందని తెలిసి నేనూ వెనకే పోయాను.

రోజారాణి చాట ముందు కూర్చుని కత్తెరతో తునికాకు కత్తిరిస్తోంది.

"భాగ్యవ్వా, మంగళారం వీనికి లెక్కల పరీక్ష. రెండుసార్లు తప్పిండు. ఇంకోపారి తప్పితే టీసీ చేతుల పెడ్తరట," అన్నారు కాశీరాం గారు గొంతు తగ్గించి. "లక్ష్మీరాజం సార్‌ను అడిగితే, నాకు ఇంగ్లీషు రాదు, రోజారాణి నాకంటె మంచిగ చెప్తది పో అన్నడు. జర మీ పిల్లను చెప్పుమను. తెలుగుల చెప్పినా ఫికర్ లేదు. తెలుగులనే చెప్పుమను."

"మా పిల్ల తప్పింది గద సారూ?"

"ఇంగ్లీషుల తప్పింది గని లెక్కలల్ల తప్పిందా?"

రోజారాణి కత్తెర ఆపింది. "అయితే నా పేపరు రైటేనా సార్?"

"రూల్ రూలే బిడ్డా. నేను పెట్టిన రూల్ నేనే తీసేస్తనా?"

మాట మీద నిలబడే మనిషి అని నాకు మళ్లీ గౌరవం కలిగింది. రోజారాణి మళ్లీ కత్తెర అందుకుంది. ఒక ఆకు, రెండు ఆకులు, మూడు ఆకులు. కాశీరాం గారు నిలబడే ఉన్నారు. పన్నెండో ఆకు దగ్గర ఆయన లొంగిపోయారు.

"సరే తియ్. నీ పేపరు మల్ల దిద్దిస్త."

"నాదొక్కటే గాదు సార్. నలభై ఒక్కటి."

"ఊకోయే పిల్లా, పెద్దమనిషితోని గట్లనా మాట్లాడేది!" అని భాగ్యవ్వ కసిరింది. రోజారాణి ఊకోలేదు, కత్తెర వదల్లేదు.

కాశీరాం గారు ఫోను తీసి హెడ్మాస్టరుకు కలిపారు. "భీమ్‌రావు, రూల్ తియ్యొద్దు, గది గట్లనే ఉండాలె. పేపర్ల మీద ఒక లైన్ రాయుండ్రి. లిపి తెలుగు, భావం ఇంగ్లీషు. ముద్ర కొట్టి అందర్ని పాస్ జెయ్యుండ్రి. ఏందీ? గా లైను ఏ భాషల రాయాల్నా? ఏ భాషల రాస్తె ఎవ్వలికి సమజ్ గాదో గండ్ల రాయ్!"

భాగ్యవ్వ కొంగుతో కళ్లు తుడుచుకుని, బిడ్డ ముందున్న చాట తానే ఎత్తి లోపలికి పట్టుకుపోయింది. రోజారాణి చేతులు కడుక్కుని వచ్చి రాహుల్ ఎదుట కూర్చుంది.

"ఏ లెక్క వస్తలేదో సదువు."

రాహుల్ లేచి నిలబడి, టై సర్దుకుని చదివాడు. పన్నెండు మంది పది రోజుల్లో తవ్వే బావిని ఆరు రోజుల్లో తవ్వాలంటే ఎంతమంది కావాలన్న లెక్క అది. ఎక్కడా తట్టుకోకుండా, దొరలు చదివినట్టే గలగలా ఇంగ్లీషులో చదివేశాడు. కాశీరాం గారు కళ్లు మూసుకుని విన్నారు.

"ఏం సమజైంది?" అని అడిగింది రోజారాణి.

"నథింగ్," అన్నాడు రాహుల్.

కాశీరాం గారి కళ్లలో నీళ్లు తిరిగాయి. నా భుజం పట్టుకుని ఊపేశారు.

"ఇన్నవా రిపోర్టర్ సాబ్? ఒక్క తెలుగు ముక్క రాలే!"