అయస్కాంతం తీర్పు

మానవ నాగరికత చక్రంతో మొదలైందని లోకమంతా నమ్ముతుంది. అదే చక్రం ఇంటి ముందు కదలకుండా నిలబడితే నాగరికత ముగిసిపోతుందని ఒహాయోలోని హార్లన్ ఫాల్స్ పట్టణ కౌన్సిల్ ఏకగ్రీవంగా తీర్మానించింది. రోడ్డు మీదికి కనబడే కదలని కారు చెత్త కింద లెక్క. చెత్తను లారీ వచ్చి ఎత్తుకుపోతుంది.

డెల్బర్ట్ నొవాచెక్ కారు అరవైల నాటిది. కదలదు. గరాజ్‌లో పెడదామంటే, గరాజ్ నిండా ఆ కారు నుంచి విప్పిన సామానే. (సొంతంగా కారు బాగుచేసుకునే వాళ్లందరూ మొట్టమొదట పోగొట్టుకునేది గరాజే.) జూలై నాలుగో తేదీ స్వాతంత్ర్య దినోత్సవ ఊరేగింపులో భార్య డార్లీన్‌ను పక్కన కూర్చోబెట్టుకుని ఆ కారు నడపాలన్నది అతని ఏకైక కోరిక. ఇంతలో కౌన్సిల్ నోటీసు వచ్చిపడింది.

అది చెత్తో కాదో తేల్చడానికి వాహన స్వరూప నిర్ధారణాధికారిణి ప్రూడెన్స్ విట్‌లాక్ స్వయంగా విచ్చేశారు. చేతిలో కౌన్సిల్ వారు మంజూరు చేసిన అయస్కాంతం ఉంది. (ఫ్రిజ్ తలుపుకు అంటించుకునే రకం, పిజ్జా ముక్క ఆకారంలో ఉంది. ఆ ఏడాది బడ్జెట్‌లో అంతకన్నా వీలుపడలేదు.) నిబంధన సులువైనది: అయస్కాంతం అంటుకున్న రేకు దేనిదైతే, వస్తువు కూడా అదే.

ఆవిడ దాన్ని తలుపుకు ఆనించారు. జారి కింద పడింది.

"ఇదేంటండీ, అంటుకోదు?"

"అది పుట్టీ మేడమ్. చిల్లులు పూడ్చా."

"మరి ఇక్కడ?"

"అదీ పుట్టీయే."

వెనక చక్రం పైన మాత్రం అయస్కాంతం ఠక్కున పట్టుకుంది. "హమ్మయ్య! ఇది కారే కదండీ?" అన్నారావిడ, సంతకం పెట్టబోతూ.

ఔననేస్తే సరిపోయేది. కానీ చవకలో పని కానిచ్చినవాడికి ఆ సంగతి నలుగురికీ చెప్పుకోకపోతే తిన్నది అరగదు.

"కొత్త రేకెందుకు దండగని మా పాత డ్రయ్యర్ కోసి అతికించానండీ! ఒక్క డాలరు ఖర్చయితే ఒట్టు!"

కలం ఆగిపోయింది. "అంటే ఇది బట్టలారబెట్టే డ్రయ్యరన్న మాట."

"డ్రయ్యరేంటండీ బాబూ! స్టీరింగ్ ఉంది, చూడండి!"

"స్టీరింగ్‌కి అయస్కాంతం అంటుకోదండీ."

డార్లీన్ మొగుడి మోచెయ్యి గిల్లింది. "నోర్మూసుకో డెల్బర్ట్! డ్రయ్యర్‌ని లారీలో ఎవడూ ఎత్తుకుపోడు" అంది చెవిలో.

"గృహోపకరణాలు ఇంటి లోపలే ఉండాలి" అన్నారు ప్రూడెన్స్. "వేడిగాలి పోయే గొట్టం ఉందా?"

డార్లీన్ సైలెన్సర్ చూపించింది. ఆవిడ తృప్తిగా టిక్కు పెట్టుకుని వెళ్లిపోయారు.

ఆ సాయంత్రమే గరాజ్‌లోని సామాను పచ్చికలోకి, కారు గరాజ్‌లోకి మారాయి. (పచ్చికలోని బంపర్లు, సీట్లు తోట అలంకరణ కిందికి వస్తాయి. వాటికి నిబంధన లేదు.) జూన్ కల్లా ఇంజను పలికింది. స్పాంజి రోలరుతో వేసిన ఎర్రరంగు నిగనిగలాడింది. డెల్బర్ట్‌కు సంతోషంతో కళ్లు చెమర్చాయి. నంబర్ ప్లేటు కోసం రవాణా ఆఫీసుకు పరుగెత్తాడు. డ్రయ్యర్లకు ప్లేట్లు ఇవ్వడం లేదని అక్కడి గుమస్తా ఎంతో మర్యాదగా చెప్పాడు.

కౌన్సిల్ మాత్రం అతన్ని మరిచిపోలేదు. పట్టణం మొత్తం మీద కరెంటు అస్సలు వాడని ఏకైక డ్రయ్యర్ అతనిదేనని గుర్తించి, జూలై నాలుగున ఊరేగింపులోనే బహుమతి ప్రకటించింది. అందుకోవడానికి దంపతులిద్దరూ నడిచి వెళ్లారు.