తోకలెత్తిన తీర్మానం

ఒక పెద్ద అడవిలో, ఎండలు ముదిరేసరికి, ఒకే ఒక్క చిన్న మడుగు మిగిలింది. దాన్ని మహారాజు కేసరిదేవుడు తన జలకాలాటలకు పుచ్చుకున్నాడు. పుచ్చుకున్నాడంటే ఎవర్నో అడిగి కాదు. సింహం అడగడమేమిటి? వెళ్లి అందులో పడుకున్నాడు, అంతే.

దుప్పి చుక్కమ్మకు ఆ ఏడు పుట్టిన కూన ఒకటుంది. అది తల్లి పొదుగును కుమ్మి కుమ్మి, చుక్క పాలు రాక, నాలుక పిడచకట్టుకుపోయి సోలిపోయింది. తల్లి నీళ్లు తాగితే కదా పాలు! పోయిన చలికాలంలో మహారాజుగారు చుక్కమ్మ మొగుణ్ణి ఆరగించినప్పుడు కూడా ఆమె నోరు విప్పలేదు. ఇప్పుడు మాత్రం కూనను వెంటబెట్టుకుని తిన్నగా అడవి సభకు వెళ్లింది.

సభాధ్యక్షుడు ఎలుగుబంటి భల్లూకయ్య. నిద్రపోతూ సభ నడపడంలో ఆయనకు ఆయనే సాటి. శాస్త్రం తెలిసినవాడు నక్క జంబులింగం. ఏ శాస్త్రం, ఎక్కడ చదివాడు అని ఎవరూ అడగలేదు. అంత ధీమాగా మాట్లాడేవాణ్ణి ఎవరడుగుతారు?

"అయ్యా, ఈ రాజుని దింపెయ్యండి. అప్పుడైనా మడుగు వదులుతాడు," అంది చుక్కమ్మ.

జంబులింగానికి ఎప్పట్నుంచో గద్దె మీద కన్ను. "దింపొచ్చు తల్లీ. కానీ ఊరికే దింపడానికి రాజుగారేమన్నా కొమ్మెక్కిన కోతా? ఘోరాపరాధం ఏదో ఒకటి జరిగుండాలి."

"మా ఆయన్ని తినేశాడు కదండీ!"

"అది భోజనం."

"మడుగు కాజేశాడు. పిల్లలు అల్లాడిపోతున్నారు."

"అది పరిపాలనా నిర్ణయం. దాని మీద అభిశంసన చెల్లదు."

"మరి అపరాధం అంటే ఏంటండీ?"

జంబులింగం గొంతు తగ్గించాడు. "పొద్దున్నే సభ మొదలయ్యే ముందు రాజు గర్జించాలన్నది తాతల నాటి ఆచారం. మొన్న గర్జించలేదు. ఆవలించాడు. నేను చెవులారా విన్నాను."

సభ నివ్వెరపోయింది. "ఎంత ఘోరం! ఎంత ఘోరం!" అంటూ అడవిపంది ఒకటి భోరున ఏడ్చింది. రాజు దాని పిల్లల్ని తిన్నప్పుడు కూడా అది అంత ఏడవలేదు.

ఆవలింత గర్జన కిందికి వస్తుందో రాదో తేల్చడానికి ఒక సంఘం వేశారు. సంఘసభ్యులు ఒకరి తర్వాత ఒకరు ఆవలించి చూశారు. భల్లూకయ్య నిద్రలోనే ఒకటి ఆవలించడంతో, రెంటికీ పొంతన లేదని తేలిపోయింది.

"మరి నీళ్లండీ?" అంది చుక్కమ్మ.

"ప్రక్రియ నడుస్తోంది తల్లీ! మధ్యలో దాహం అంటే ఎలా?"

ఆ అడవిలో ఓటంటే తోక ఎత్తడం. దించాలన్నవాళ్లు ఎత్తాలి, వద్దన్నవాళ్లు ముడుచుకోవాలి. సంజాయిషీ చెప్పుకునే హక్కు రాజుకు ఉంది గనక కబురు పంపారు. ఆయన మడుగులోంచి లేచి, ఒళ్లు దులుపుకుంటూ వచ్చాడు. ఒక నీటిచుక్క ఎగిరి చుక్కమ్మ ముక్కు మీద పడింది. ఆమె సిగ్గుపడకుండా నాకేసింది.

రాజు ముఖం చూడగానే తోకలన్నీ కాళ్ల మధ్యకు చేరాయి. తీర్మానం వీగిపోయినట్టే. జంబులింగం ముఖం మాడిపోయింది.

"నేను గర్జించలేదన్నది ఎవడ్రా?" అంటూ మహారాజు సంజాయిషీ కింద ఒక గర్జన గర్జించాడు. కొండలు మారుమోగాయి.

దుప్పి జాతికి ఒక అలవాటుంది. బెదిరితే తోక నిటారుగా లేస్తుంది. సభలో సగానికి పైగా దుప్పులే. వాటి తోకలు లేచాయి. వాటిని చూసి పందులు ఎత్తాయి, పందుల్ని చూసి కుందేళ్లు ఎత్తాయి. భల్లూకయ్య ఉలిక్కిపడి లేచి, చుట్టూ చూసి, "ఏకగ్రీవం," అని మళ్లీ కునుకు తీశాడు.

గర్జించలేదన్న నేరం మీద, గర్జన దెబ్బకే రాజు పదవి ఊడింది.

జంబులింగం ఒక్క గెంతుతో గద్దెక్కాడు. "కొత్త రాజు కుదిరేదాకా నేనే రాజుని."

"అయితే మడుగు మాకిప్పించండి," అంది చుక్కమ్మ.

"మాజీ రాజుకు జీవితాంతం నివాస సౌకర్యం ఉంటుంది తల్లీ. రేపు నాకూ పనికొస్తుందని ఇప్పుడే నిర్ణయించాను. మడుగు ఆయనదే."

"మీ శాస్త్రం తగలెయ్య!" అంది చుక్కమ్మ. ఆమెకు ఒళ్లు మండిపోయింది.

కేసరిదేవుడు మాత్రం నింపాదిగా గద్దె దగ్గరికొచ్చాడు. "జంబులింగం, నాదో ధర్మసందేహం. సభకు వచ్చినవాళ్లని ముట్టనని పట్టాభిషేకం నాడు ప్రమాణం చేశాను. రాజునే కానప్పుడు ఆ ప్రమాణం ఉన్నట్టా, లేనట్టా?"

శాస్త్రం అడిగితే చెప్పకుండా ఉండలేడు జంబులింగం. "లేనట్టే మహాప్రభో! పదవితోపాటే ప్రమాణం కూడా..." అన్నాడు. ఆ మాట పూర్తి కాలేదు.

ఆకలి రుచి ఎరగదు, నిద్ర సుఖం ఎరగదు. కేసరిదేవుడు నక్కను శుభ్రంగా తిని, అక్కడే గద్దెకు తల ఆనించి గుర్రుపెట్టాడు.

ఈయన్ని మళ్లీ రాజును చేయాలంటే ఎన్ని తోకలు లేవాలని సభ్యులు గుసగుసగా చర్చ మొదలుపెట్టారు. చుక్కమ్మ ఆ చర్చకు ఆగలేదు. కూనను ముక్కుతో నెట్టుకుంటూ మడుగుకు వెళ్లింది. తల్లీబిడ్డా నీళ్లలో మూతులు పెట్టి కడుపు నిండా తాగారు.

నీతి: రాజును దించాలంటే ముందు ఆయన కడుపు నింపే ఏర్పాటు చూడాలి, అందుకు శాస్త్రం తెలిసినవాళ్లయితే మరీ శ్రేష్ఠం.