ఎల్లేశం గారు ఊదిన విజిల్

ఇటు జరిగి కూర్చో బిడ్డా. ఎల్లేశం గారి గొప్పతనం దూరం నుంచి వింటే సగమే చెవిన పడుతుంది.

ఆడవాళ్ళను బస్సు కండక్టర్లుగా తీసుకోవడం మొదలైన కొత్తల్లో, మా ఊరి నుంచి నల్గొండ పోయే బస్సుకు కౌసల్య వచ్చింది. తాటిచెట్టు మీంచి పడి మంచం పట్టిన పెనిమిటికి, ఇద్దరు పిల్లలకు ఆమె జీతమే దిక్కు. ఏడాదిపాటు ఫిర్యాదు రాకుంటే ఉద్యోగం ఖాయం.

మొదటి రోజే మండల పార్టీ అధ్యక్షులు ఎల్లేశం గారు బస్సెక్కి ప్రకటన చేశారు.

"మన ఆడబిడ్డ నౌకరి చేసుడు మా పార్టీకి గర్వకారణం! టికెట్లు చెల్లె కొడ్తది. కానీ ఆడిది విజిల్ ఊదుడేంది, మొగోళ్ళు ఆగుడేంది? గా పని నేను జూసుకుంట."

"అన్నా, నా నౌకరికి మాటొస్తది" అంది కౌసల్య.

"నేనుండంగ నీకేం ఫికర్?"

విజిల్ ఆయన మెడలోకి మారింది. అందరూ చప్పట్లు కొట్టారు. ఒళ్ళో చింతపండు గంప ఉంది కాబట్టి నేను గంప మీదే కొట్టాను.

ఆనాటి నుంచి ముందు సీటు ఆయనది. టికెట్ లేదు. సేవకు టికెట్ ఏమిటి? ఆయన చాయ్ తాగితే బస్సు ఆగేది. ఆయన కునుకు తీస్తే బస్సూ తీసేది. ఒకనాడు కౌసల్య ఓపిక పట్టలేక, "రైట్, పోనీ అన్నా" అంది. డ్రైవర్ మొయినుద్దీన్ గేరు వేశాడు.

ఎల్లేశం గారు ఉలిక్కిపడి లేచారు. "ఏందయ్యా, ఆడిదాని మాట మీద బండి నడుపుతున్నవా?"

"ఇంట్ల గూడ గట్లనే నడుస్తాంది సాబ్!"

బస్సంతా నవ్వింది. వారం తిరగకుండా మొయినుద్దీన్‌కు వేరే రూటు పడింది.

రానురాను అంగడి ముగిశాకే మేం నల్గొండ చేరేవాళ్ళం. డిపోకు ఫిర్యాదులు వెళ్ళాయి. అధికారి విచారణకు వచ్చి, బస్సెందుకు లేటవుతోందని కౌసల్యను నిలదీశాడు.

"విజిల్ నా దగ్గర లేదు సార్. అన్నా, జర నువ్వే చెప్పు."

ఎల్లేశం గారు ఎంతో జాలిపడ్డారు. "పాపం, ఆడమనిషి సార్. ఆమెతోని కాదు. నేనుండవట్టి గీ మాత్రమన్న కదులుతాంది."

నెలాఖరుకు ఆమె ఉద్యోగం పోయింది.

ఎండాకాలం మా రోడ్డు పని కాంట్రాక్టు ఎల్లేశం గారికే దక్కింది. బస్సు కిటికీలోంచి చూశాను. మిట్టమధ్యాహ్నం, చీర పైకి దోపుకొని, నెత్తిన కంకర తట్టతో కౌసల్య. గొడుగు కింద ఆయన.

"గిదైతే ఆడబిడ్డకు నామోషి గాదా, ఎల్లేశం?" అని కేకేశాను.

"ఏందవ్వా గట్లంటవు? కంకర మోసుడు ఆడోళ్ళ పనే గద!"

మరిచిపోకు బిడ్డా. ఆడవాళ్ళ పరువు కాపాడినవాళ్ళు ఎవరని నీ పిల్లలు అడిగితే, ఈ ముచ్చట మొత్తం చెప్పు. ఆయన పేరుకు 'గారు' తగిలించి మరీ చెప్పు.