అచ్చాయమ్మను దారి దాటించిన వైనం

అడవి పెద్దదే గాని, ఏటికి దిగే బాట ఒక్కటే. అదీ ఇరుకు.

ఆ బాట మీద ఎలా నడుచుకోవాలో ఎవరూ ఎవరికీ నేర్పలేదు. పిల్లను వెంటబెట్టుకున్న లేడి ఎదురైతే కొమ్ముల దుప్పి పక్కకు ఒదిగి నిలబడేది. నలుగురిలోకి రాగానే ముళ్లపంది ముళ్లు దగ్గరికి ముడుచుకునేది. అడ్డంగా కొమ్మ పడితే, ముందొచ్చిన ఏనుగు దాన్ని తీసి పారేసి తన దారిన పోయేది. అడవిపంది గంగులు గురగురమని విసుక్కుంటూనే, అడిగినవాడికి దారి ఇచ్చేవాడు.

ఇదంతా చూస్తుంటే నక్క జంబులింగానికి మనసు మనసులో ఉండేది కాదు. ఆయనకు అప్పట్లో పదవేదీ లేదు.

ఒకరోజు అడవిపెద్ద ఎలుగుబంటి భీమన్న తేనెపట్టు ముందేసుకుని కూర్చున్నప్పుడు, నక్క వెళ్లి వినయంగా నిలబడ్డాడు.

"అయ్యా, మన అడవిలో మంచితనమంతా వృథాగా పోతోంది."

"పోతే ఏమైంది?" అన్నాడు భీమన్న మూతి నాకుతూ.

"తమ ఏలుబడిలో ఇంత మంచితనం ఉందని పక్క అడవిలో ఒక్కరికీ తెలియదు."

భీమన్న తేనెపట్టు పక్కన పెట్టాడు.

మర్నాటికల్లా మర్యాద సంఘం వెలిసింది. జంబులింగం అధ్యక్షుడు. బాట మలుపులో ఉన్న మోదుగచెట్టు మీద మైనాను సాక్షిగా కూర్చోబెట్టారు. ఆమె చూస్తుండగా దారిలో ఎవరికైనా సాయపడితే, ఆ పేరు గొంతెత్తి చాటుతుంది. వారికి ఒక మోదుగపూల దండ. దండ ఉన్నవారికి సభలో ముందు వరస.

మొదట్లో బాగానే ఉంది. కొన్నాళ్లకు సాయాలన్నీ మోదుగచెట్టు కిందికి చేరాయి. చెట్టుకు కాస్త ఎగువన ముళ్లపంది పొదలో చిక్కుకుంటే, కొండముచ్చు వచ్చి చూసి, "కొంచెం కిందికి జరగగలవా? ఇక్కణ్ణుంచి మైనాకు కనబడం" అన్నాడు. జరగగలిగితే చిక్కుకోవడమెందుకని ముళ్లపంది అడిగింది గాని, అప్పటికే కొండముచ్చు వెళ్లిపోయాడు.

సాయం చేసేముందు "తమకు సేవ చేసే భాగ్యం దయచేయండి" అనాలని సంఘం ఒక పద్ధతి కూడా పెట్టింది. గంగులుకు ఆ మాట నోరు తిరగలేదు. దాంతో అతనికి మర్యాద తెలియదని మైనా చేత చాటించారు. అతను బాట మీదికి రావడం తగ్గించాడు.

అలాంటి రోజుల్లో తాబేలు అచ్చాయమ్మ గుడ్లు పెట్టడానికి ఏటి ఇసుకకు బయల్దేరింది. నిండు మనిషి. ఎండ ఉండగానే చేరాలి. ఇసుక చల్లారితే గుంట తవ్వడానికి ఆమెకు ఒళ్లు సహకరించదు.

మోదుగచెట్టు దగ్గరికి రాగానే కొండముచ్చు ఎదురొచ్చాడు. "తమకు సేవ చేసే భాగ్యం దయచేయండి" అంటూనే ఎత్తుకుని బాటకు అవతలి పక్కన దించాడు. మైనా చాటింది.

"నాయనా, నేను దాటేదాన్ని కాదు. కిందికి పోయేదాన్ని," అంది అచ్చాయమ్మ.

కొండముచ్చు దండ వేయించుకునే హడావిడిలో ఉన్నాడు. ఇంతలో దుప్పి వచ్చి, కొమ్ముల మీద ఎక్కించుకుని ఆమెను ఇవతలికి తెచ్చింది. ఆ తర్వాత ఏనుగు. ఆ తర్వాత మళ్లీ కొండముచ్చు. చివరికి భీమన్న కూడా దిగివచ్చి, రెండు చేతులా ఎత్తి అందరికీ చూపించి మరీ దాటించాడు.

పొద్దు వాలుతోంది. అచ్చాయమ్మ తలా కాళ్లూ డొప్పలోకి లాక్కుని, లోపల్లోపలే ఏడుస్తోంది. మాట్లాడి మాట్లాడి ఆమె గొంతు పోయింది.

ఆ సమయానికి గంగులు నీళ్లకని అటు వచ్చాడు. గుంపును చూసి ఆగాడు. మూతి డొప్ప దగ్గర పెట్టి అడిగాడు.

"ఎటు పోవాలి పిన్నీ?"

ఆ మాట పొద్దుటినుంచి ఆమెను అడిగినవారు లేరు. అచ్చాయమ్మ తల బయటపెట్టింది.

"ఇసుకలోకి, బాబూ. గుడ్లు."

గంగులు ఎత్తుకోలేదు. ముందు నడిచాడు. అడ్డొచ్చినవారిని మూతితో నెట్టాడు, భీమన్నతో సహా. ఆమె అడుగు వేసేదాకా ఆగి, మళ్లీ నడిచాడు. ఏటి ఒడ్డున ఇసుక ఇంకా వెచ్చగానే ఉంది. అచ్చాయమ్మ గుంట తవ్వడం మొదలుపెట్టింది.

వెనకే మైనా ఎగిరివచ్చి, రాయి మీద వాలి, గొంతు సవరించుకుంది.

"అరవకు," అన్నాడు గంగులు మెల్లగా. "ఆవిడ గుడ్లు పెడుతోంది. కాసేపు అటు తిరుగు."

మైనా సిగ్గుపడి అటు తిరిగింది. అలాగే తిరిగి కూర్చుంది.

సరిగ్గా అప్పుడే, పైన మలుపులో జంబులింగం, గంగులు చేసిన అమర్యాద మీద ఉపన్యాసమిస్తూ వెనక్కి అడుగేసి, బురదగుంటలో నడుము దాకా దిగబడ్డాడు.

అందరూ పరుగెత్తుకొచ్చారు. గుంట చుట్టూ వినయంగా నిలబడ్డారు. ఒక్కరూ చెయ్యి అందించలేదు.

"లాగండయ్యా," అన్నాడు జంబులింగం. బురద ఛాతీదాకా వచ్చింది.

"తప్పకుండా, అధ్యక్షా," అన్నాడు కొండముచ్చు చెట్టువైపు చూస్తూ. "మైనాను రానివ్వండి."

నీతి: మీరు ఎవరికైనా సాయం చేస్తుండగా ఎవరైనా చూస్తుంటే, వారిని కాస్త అటు తిరగమనండి, వారికీ ఒక మంచి పని చేసే అవకాశం దొరుకుతుంది.