మూడో హాల్లో స్తోత్రం

ఆ శనివారానికి ఎవాంజెలిన్ అనుకున్నది చాలా చిన్న పని. మైపాడులో మొదటి బస్సెక్కి నెల్లూరు వెళ్లడం, తాను కొత్తగా పాఠాలు చెబుతున్న కాలేజీలో జరిగే సదస్సుకు హాజరై మూడో హాలు చివరి బెంచీలో కూర్చోవడం, అక్కడి ప్రసంగం ఎలా ఉందో రెండు పేజీలు రాసివ్వడం. విద్యార్థులకు రాయడం ఎలా నేర్పాలన్నది సదస్సు విషయం. ఒక్కో ప్రసంగాన్ని సమీక్షించడానికి ఎవరైనా ముందుకు రావాలని నిర్వాహకులు అడిగినప్పుడు, నలుగురిలో నోరు విప్పని ఎవాంజెలిన్ తనంతట తానే చెయ్యెత్తింది. మాట్లాడనక్కర్లేదు, రాస్తే చాలు. పైగా సమీక్షలన్నీ కింద రాసినవారి పేర్లతో పుస్తకంగా వస్తాయి. అచ్చులో తన పేరు చూసుకోవాలన్న కోరిక ఆమెకు పలక పట్టిన నాటి నుంచీ ఉంది.

ఈ సంగతి ముందుగా తల్లికి చెప్పడమే పొరపాటైంది.

"అంటే పెద్ద పెద్ద సార్లు మాట్లాడితే బాగుండాదో లేదో నువ్వు చెప్తావా?" అంది రెబెక్కమ్మ.

"చెప్పనమ్మా. రాస్తాను."

"రాస్తే చెప్పినట్టే గదమ్మే."

తన కూతురు ప్రొఫెసర్లకు మార్కులు వేయబోతోందని, ఆమె కోసం ప్రార్థించమని రెబెక్కమ్మ స్త్రీల కూటంలో కోరింది. సదస్సుకు ముందు ఆదివారానికే ఆ వార్త పాస్టరు గారి ప్రకటనల్లోకి ఎక్కింది. అప్పటికి ఆ వార్తలో మార్కులు వేయడం పోయి తీర్పు చెప్పడం వచ్చింది. మన పిల్ల అంత పెద్ద కుర్చీలో కూర్చుంటే చూడ్డానికి మనవాళ్లు లేకపోతే ఏం బాగుంటుందని సంఘమంతా అనుకుంది. పక్కింటి చోటే సాహెబ్ తన చేపల వ్యాను ఇస్తానన్నాడు. "మా ఈది పిల్ల, నేను రాకపోతే ఎట్టా" అని తానే నడిపాడు. ఎవాంజెలిన్‌కు మాత్రం ఎవరూ చెప్పలేదు, చూసి మురిసిపోవాలని.

శనివారం మూడో హాల్లో గంగాధరం గారు మాట్లాడాలి. మెత్తని గొంతు, చేతిలో కాగితాలు. ఎదురుగా ముగ్గురున్నారు. వాళ్లలో ఒకాయన నిద్రకు సిద్ధపడుతున్నాడు. అంతలో తలుపు తెరుచుకుని ముందు చేపల వాసన, దాని వెనక బంతిపూల దండ, దాని వెనక మైపాడు సంఘం లోపలికి వచ్చాయి.

ఖాళీ కుర్చీల బెంగతో ఉన్న నిర్వాహకుడు క్రాంతి కుమార్, వీళ్లెవరో ఊళ్ల నుంచి వచ్చిన టీచర్లనుకుని అందరి మెడల్లో బ్యాడ్జీలు వేసి చేతికో సంచి ఇచ్చి వెళ్లాడు.

రెబెక్కమ్మ కూతుర్ని వెతికి పట్టుకుంది. "ఇదేంది, నిన్ను ఎనక బెంచీలో కూర్చోబెట్టినారు?"

"నేను కూర్చోవాల్సింది ఇక్కడేనమ్మా. మీరు గొడవ చేస్తే పుస్తకంలో నా పేరు కొట్టేస్తారు."

"మేమేం గొడవ చేస్తాం? నోరు మూసుకుని కూర్చుంటాం."

కూర్చున్నారు, చర్చిలో కూర్చున్నంత బుద్ధిగా.

"పిల్లవాడి వ్యాసంలో తప్పులు వెతికే ముందు ఒక్క మంచి మాట వెతకండి" అని గంగాధరం గారు ఊపిరి కోసం ఆగారు.

"స్తోత్రం" అన్నారు అందరూ.

బోధించేవారు ఆగినప్పుడు అలా అనకపోతే వినడం లేదని అర్థం. అంత అమర్యాద వాళ్లు ఎరగరు. గంగాధరం గారు ఉలిక్కిపడి, ఇంకో వాక్యం చదివి, అనుమానంగా ఆగి చూశారు. ఈసారి చోటే సాహెబ్ అందరికంటే ముందున్నాడు. "బాగా చెప్పినారు సార్."

ఇన్నేళ్లూ ఫోన్లు చూసుకునే వాళ్లకు పాఠాలు చెప్పిన మనిషి ఆయన. కాగితాలు పక్కన పడేశారు. చిన్నప్పుడు తన మొదటి వ్యాసాన్ని అయ్యవారు నిలువునా ఎర్రసిరాతో కొట్టేసిన సంగతి చెబుతుంటే ముందు వరుసలో కొంగులు కళ్ల మీదికి వెళ్లాయి. ఆయన గొంతు పెరిగింది, స్తోత్రాలూ పెరిగాయి. ఏమైందోనని రెండో హాలు వాళ్లు వచ్చి నిలబడిపోయారు. కాసేపటికి ఒకటో హాలు ఖాళీ అయింది. వినేవాళ్లు లేక అక్కడి వక్త కూడా వచ్చి గోడకు ఆనుకున్నాడు.

క్రాంతి కుమార్ పరుగెత్తుకొచ్చాడు. "ఆపండి. మీరంతా ఎవరండీ? ఎవరు పిలిచారు మిమ్మల్ని?"

రెబెక్కమ్మ లేచింది. "ఎవురూ పిలవలేదు సార్. దారిన పోతా ఎండకి లోపలికొచ్చినాం. ఆ ఎనక బెంచీ పిల్లెవురో కూడా మాకు తెలవదు."

వెనక బెంచీ పిల్ల గురించి అంతవరకూ ఎవరూ అడగలేదు. ఇప్పుడు హాలంతా వెనక్కి తిరిగి చూసింది.

ఎవాంజెలిన్ తల దించుకుని రాసుకుంటూ ఉండిపోవచ్చు. తెలియదంటే పేరు దక్కుతుంది. ఆమె కలానికి మూత పెట్టి లేచి నిలబడింది.

"మా అమ్మ సార్" అంది, గుమ్మం దగ్గరున్న వాళ్లకు కూడా వినపడేలా. "వీళ్లంతా మా ఊరోళ్లు. నాకోసం వచ్చినారు."

"సమీక్ష రాసేవాళ్లే జనాన్ని తెచ్చుకుంటే ఎలా మేడమ్? మీ సమీక్ష చెల్లదు."

"సరే సార్" అని కూర్చుంది. తెచ్చిన దండ వృథా పోకూడదని గంగాధరం గారి మెడలో వేశారు. ఆయన వద్దనలేదు.

వ్యాన్‌లో ఊరు దగ్గరపడుతుండగా రెబెక్కమ్మ కూతురి పక్కకు జరిగింది. "నీ పేరు పోగొట్టినాం గదమ్మే" అంది.

"నువ్వు నన్ను తెలవదన్నావే, అది మాత్రం ఇంకోసారి అనబాక" అంది ఎవాంజెలిన్.

కొన్నాళ్లకు పుస్తకం వచ్చింది. మూడో హాలు ప్రసంగాన్ని ఒకటో హాలు వక్త సమీక్షించాడు. అన్నిటిలోకీ పెద్ద సమీక్ష అదే. కింద ఉన్నది ఆయన పేరు. ఎవాంజెలిన్ పేరు మాత్రం లోపల ప్రతి పేరాలోనూ ఉంది, పక్కనే మైపాడుతో సహా. పుస్తకం చివర వచ్చే ఏడాది సదస్సు నియమాలు వేశారు. వాటిలో కొత్తది ఒక్కటే: సమీక్షకులు ఒంటరిగా రావలెను.

తన కూతురి కోసం ఏకంగా ఒక రూలే రాశారని రెబెక్కమ్మ ఆ ఆదివారం సంఘం చేత దేవుడికి కృతజ్ఞతలు చెప్పించింది.