లోయ అంచున సారా చెప్పులు

చర్చి స్త్రీల సమాజం బస్సు రేపల్లె నుంచి తెల్లారగట్లే బయల్దేరాలి. నల్లమల అడవిలో, కృష్ణా లోయ అంచున, తెల్లదొరల కాలంలో కట్టిన విడిది బంగళా చూసి, అక్కడే భోంచేసి రావాలన్నది ఏర్పాటు. సారా క్యారియర్లలో పులిహోర సర్దుతూ కూతురు కుమారికి జాగ్రత్తలు చెబుతోంది.

కుమారికి గుంటూరులో నర్సింగు ట్రైనింగుకి సీటొచ్చింది. సారా ఇంకా ఊఁ అనలేదు. గుంటూరంటే దారిలో రైలు గేట్లు, అక్కడ లారీలు, హాస్టల్లో మేడమెట్లు.

"లోయ అంచుకి వెళ్లావంటే గుంటూరు మాట మర్చిపో."

"వెళ్లనమ్మా."

"నువ్వు వెళ్లవే. కాలు వెళుతుంది."

మధ్యాహ్నానికి బంగళా చేరారు. వరండా ముందు మోకాలెత్తు రాతిగోడ, దానవతల లోయ, అడుగున కృష్ణ. అందరూ లోయ చూశారు. సారా కుమారిని చూసింది.

భోజనాలయ్యాక కాపలావాడు వచ్చి, "ఎంగిలి గిన్నెలు ఉంచకండమ్మా, వాసనకి ఎలుగులొస్తాయి," అన్నాడు. బంగళా కుళాయిలో చుక్క నీళ్లు లేవు. ఇంతమందినీ వదిలేసి ఎలుగు తిన్నగా కుమారి దగ్గరికే రావడం సారాకి కళ్లకు కట్టింది.

ఆమె గోడ మీంచి తొంగిచూసింది. కృష్ణ అక్కణ్ణుంచి భట్టిప్రోలు కాలవంతే ఉంది. సారా పుట్టి బుద్ధెరిగాక చూసిన నీళ్లన్నీ గట్టు దిగితే అందేవే. తనెక్కడికెళ్లేదీ చెప్పకుండా కుమారిని వరండాలోంచి కదలొద్దని మాత్రం చెప్పి, జారతాయని హవాయి చెప్పులు గోడ దగ్గర విడిచి, క్యారియర్లు కడుక్కురావడానికి కాలిబాట దిగింది. ఎంత దిగినా నీళ్లు మాత్రం అంత దూరంలోనే ఉన్నాయి.

పైన అన్నమ్మ చెప్పుల్ని చూసింది. "ఇవి సారా వదినవి కదూ? మనిషేదీ?" అంది. వరండా దాటేసరికి ఆ మాట "సారా పడిపోయింది" అయింది. బస్సు దగ్గరికి చేరేసరికి డ్రైవరు, "ఎర్రచీర ఆవిడేగా? పడటం నేను చూశాగా!" అన్నాడు. సారా కట్టుకున్నది పచ్చచీర. సామాన్లు మోయడానికి వెంట వచ్చిన ఆమె భర్త యేసుదాసు చెప్పులు గుండెకి హత్తుకుని కూలబడ్డాడు. పాస్టరు అబ్రహాము అయ్యగారు అందర్నీ కళ్లు మూసుకోమని ప్రార్థన మొదలుపెట్టారు.

సగం దారిలో సారాకి ఏడుపులు వినిపించాయి. ఎవరికోసమో ఆమె ఎవర్నీ అడగాల్సిన పని లేదు, కుమారి కోసమే. క్యారియర్లు అక్కడే పారేసి, పడుతూ లేస్తూ పైకొచ్చి, జనం వెనక అన్నమ్మ పక్కన కూలబడి అందరికంటే గట్టిగా ఏడ్చింది.

అన్నమ్మ కళ్లు తెరవకుండానే, "ఊరుకోమ్మా, మనం ఏడిస్తే సారా లేచొస్తుందా?" అంది.

సారా వెక్కిళ్లు ఆపుకుంది. "సారాకేమైంది?"

"లోయలో పడిపోయింది."

"అయ్యో! పెళ్లి కావాల్సిన పిల్లుందే ఆవిడకి!" అంది సారా. ఒక్క క్షణం నిజంగానే బాధపడింది.

అన్నమ్మ కళ్లు తెరిచి కెవ్వుమంది. అయ్యగారు, "మా సహోదరిని నీ సన్నిధిలో చేర్చుకో ప్రభువా" దగ్గర ఆగి, ఆమెన్ అనాలో వద్దో తేల్చుకోలేకపోయారు.

కళ్లు మూసుకోనిది కుమారి ఒక్కతే. రాతిగోడ ఎక్కి, నడుం దాకా లోయలోకి వంగి వెతుకుతోంది. సారా పరుగెత్తి వెళ్లి జడ పట్టుకుని లాగింది.

"అంచుకి వెళ్లొద్దన్నానా!"

"ఎవరికోసం వెళ్లానే అమ్మా?"

సారా జడ వదిలేసింది. చుట్టూ చూసింది. స్త్రీల సమాజమంతా ఆమె జవాబు కోసం ఎదురుచూస్తోంది.

"సరే, గుంటూరు వెళ్లు," అంది.

కుమారి ప్రయాణమయ్యే రోజు రేపల్లె స్టేషన్లో కిటికీలోంచి జాగ్రత్తలు చెప్పింది కుమారే. "నాన్నా, అమ్మని ఎక్కడికీ ఒంటరిగా పంపకు." సారా తలొంచుకుని వింది.

రైలు కదిలింది. యేసుదాసు భార్య చెయ్యి పట్టుకుని ప్లాట్‌ఫారం అంచు నుంచి మధ్యకి లాక్కొచ్చాడు.